పందొమ్మిదో ముక్క

"పది నిమిషాలు మేడమ్. పదకొండో నిమిషంలో నేనే వచ్చి తలుపు తీస్తాను" అన్నాడు గడియారం.

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, డిపార్ట్‌మెంట్‌లో దాన్ని హాజరు పట్టీలో తప్ప ఎవరూ వాడరు. ఏ కేసు చేతికొచ్చినా ముందు తెల్లకాగితం మీద ఓ నిలువు గీత గీసి, దాని పక్కన గంటలూ నిమిషాలూ పేర్చుకుంటూ పోతాడు. గీత చివర ఎవరు మిగిలితే వాళ్లే దోషి. ఇప్పటిదాకా పదిహేడు గీతలు గీశాడు, పదిహేడూ కోర్టులో నిలబడ్డాయి. పద్దెనిమిదో గీత చివర ఇన్‌స్పెక్టరమ్మ సొంత చెల్లెలు మిగిలింది.

ఇన్‌స్పెక్టరమ్మ లోపలికి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. చెల్లెలు బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది. వేళ్ల చివర సూది గుచ్చుకున్న మచ్చలు, ఒంటి మీద నిన్న పొద్దున వేసుకున్న తెల్లబట్టలే. రాత్రంతా లాకప్పులో గడిపిన మనిషిని, అందులోనూ తన చంకనెక్కి తిరిగిన పిల్లని చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోవాలి. ఇన్‌స్పెక్టరమ్మకు ఏమీ కాలేదు. నాలుగు నెలల కిందట అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆమెకు ఏదీ తగలడం లేదు. టీ వేడిగా ఉందో చల్లారిందో తాగాక కూడా తెలియడం లేదు. డాక్టరు నిద్రమాత్రలు రాసిచ్చాడు. నిద్ర బాగానే పడుతోంది, మెలకువే సరిగ్గా రావడం లేదు.

ఆమె చేతిసంచిలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, దాని గుడ్డ తొడుగు బల్ల మీద పడేసింది. ఇటుకరంగు మీద సన్నటి బూడిద చారల గుడ్డ. ఏదో కుట్టగా మిగిలిన పీలికతో అమ్మ కుట్టిచ్చింది. అమ్మ చేతి పనుల్లో రోజూ ఆమె చేతికి తగిలేది అదొక్కటే.

"చిట్టీ, ఆ కత్తెర నీదేనా?"

చెల్లెలు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. రెండూ ఐదుకి కుర్చీలోంచి ఎందుకు లేచావని అడిగితే మాత్రం కనుబొమలు ఒక్కసారి ముడిపడ్డాయి, అర్థం కాని మాట విన్నట్టు. వెంటనే సర్దుకుంది. ఫొటోగ్రాఫరుతో గొడవేమైనా ఉందా అంటే తల అడ్డంగా కూడా ఊపలేదు.

"సరే. నీ దగ్గరికి వచ్చినవాళ్లలో నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

చెల్లెలి చూపు కళ్లజోడు తొడుగు మీద పడింది. అక్కడే కాసేపు ఆగి, గోడకేసి తిరిగిపోయింది. మళ్లీ ఇటు తిరగలేదు. పదకొండో నిమిషంలో తలుపు తెరుచుకుంది.

కారిడార్‌లో గడియారం తన కాగితం చూపించాడు. దాచుకునే రకం కాదు. తన గీత మీద అంత నమ్మకం.

కేసు చిన్నదే. ఊళ్లో ఏడు రోజుల బహిరంగ ప్రదర్శనల ఉత్సవం నడుస్తోంది. హాలూ లేదు, తెరా లేదు, టిక్కెట్టూ లేదు. ఒకాయన బస్టాండు చుట్టూ పొద్దస్తమానం వెనక్కి నడుస్తుంటాడు. నలుగురు కలిసి ఒక తలుపు మోసుకుంటూ వీధి వీధీ తిరుగుతారు, ఎవరైనా తడితే ఆగి తెరుస్తారు. ఊరిజనం ముందు నవ్వారు, తర్వాత ముక్కు మీద వేలేసుకున్నారు, మూడో రోజుకి ఆఫీసులకు సెలవు పెట్టి మరీ వచ్చి చూస్తున్నారు. చెల్లెలి ప్రదర్శన పేరు 'అతుకు'. లైబ్రరీ ముందున్న వెడల్పాటి మెట్ల మీద బల్ల వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ల ఒంటి మీది చిరుగు బట్ట తీసుకుని, మాట్లాడకుండా కుట్టి ఇస్తుంది. నిన్న నాలుగో రోజు. లైబ్రరీ పక్కనున్న ఫుట్‌బ్రిడ్జి మెట్ల కింద ఉత్సవం వాళ్ల సామాన్ల గది ఉంది. అందులో ఉత్సవం ఫొటోగ్రాఫరు గుండెలో కత్తెరతో పడి ఉన్నాడు. కత్తెర చెల్లెలిది.

"రెండింటికి లైబ్రరీ వాచ్‌మన్‌తో కలిసి టీ తాగాడు. రెండూ నలభైకి శవం. మీ చెల్లెలి పక్కన కూర్చుని ఒకాయన ఆమె కదలికలన్నీ పుస్తకంలో రాస్తాడు. ఇదిగో ఆ పేజీ నకలు. 2.05 లేచింది, 2.20 కూర్చుంది. అక్కణ్ణుంచి గదికి మూడు నిమిషాల నడక. ఇంకేం కావాలి మేడమ్?"

"కారణం?"

"నోరు విప్పితే అదే వస్తుంది. ఏడు రోజుల మౌనమట. కళ అట. ఐదింటికి మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తున్నాను. అక్కడ కూడా కళే చూపిస్తుందేమో చూద్దాం." కాగితం మడిచి జేబులో పెట్టుకుని కొంచెం మెత్తబడ్డాడు. "మీ చెల్లెలు కాబట్టి కేసు మీ చేతికి రాదు. కానీ వెళ్లి చూసుకోండి. నా గీత వంకరని తేల్చగలిగితే తేల్చండి. నేనేమీ అనుకోను."

అనుకోడని ఆమెకు తెలుసు. ఇద్దరూ ఒకే బ్యాచ్. పందొమ్మిదేళ్లుగా ఒకరి తప్పులు ఒకరు వెతుక్కుంటూనే పైకొచ్చారు.

బయటికి వస్తుంటే పొద్దున ఇంట్లో భర్త అన్న మాట గుర్తొచ్చింది. ఆయన మున్సిపాలిటీలో అనుమతుల ఇంజనీరు. ఏ కూడలిలో ఏ పందిరి వేయాలన్నా ఆయన వెళ్లి చూసి సంతకం పెట్టాలి. రొట్టె ముక్క నములుతూ, "నువ్వు ఇందులో వేలు పెట్టకు. నీ ఉద్యోగానికే ఎసరు వస్తుంది. మంచి లాయరుని నేను చూస్తాలే" అన్నాడు. అక్కర కొద్దీ అన్న మాటేనని ఆమె ఊరుకుంది.

ఒంటిగంటన్నరకు లైబ్రరీ మెట్ల దగ్గరికి చేరింది. బల్లా కుర్చీ అలాగే ఉన్నాయి. చుట్టూ పోలీసు తాడు. తాడు బయట ఓ మెట్టు మీద, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, రిటైరైన డ్రాయింగు మాస్టారు కూర్చుని ఉన్నాడు. మెడలో స్టాప్‌వాచ్. నాలుగు రోజులుగా చెల్లెలి పక్కన కూర్చుని పుస్తకం రాస్తున్నది ఆయనే.

పుస్తకం స్టేషన్లో లేదా అని అడిగితే, వాళ్లు ఒక పేజీ నకలు తీసుకుని తిరిగి ఇచ్చేశారని చెప్పాడు. ఆమె పుస్తకం తీసుకుని నిన్నటి తేదీ దగ్గర తెరిచింది. మొదటి పేజీ మొదటి వరుసలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా ఉంది: 0.00 కూర్చుంది.

ఆమె ఆ సున్నాల మీద వేలు పెట్టింది.

"మాస్టారూ, సున్నా గంటలేంటి?"

"కూర్చున్న క్షణమే సున్నా తల్లీ. అక్కణ్ణుంచి ఎంతసేపు గడిచిందో రాస్తాం. ఉత్సవంలో అందరి పుస్తకాలూ అంతే. బయట టైమెంతో మాకు పనిలేదు."

"నిన్న ఎన్నింటికి కూర్చుంది?"

"సరిగ్గా పదింటికి."

అంటే పుస్తకంలో 2.05 అని ఉన్నది మధ్యాహ్నం పన్నెండూ ఐదు. ఆ పదిహేను నిమిషాలూ ఎక్కడుందని అడిగితే, లైబ్రరీ లోపల రీడింగ్ రూములో తెచ్చుకున్న డబ్బా విప్పుకుని తిన్నదని, పక్కన తన భార్యా మరో ఆరుగురూ ఉన్నారని మాస్టారు చెప్పాడు. అప్పటికి ఫొటోగ్రాఫరు లక్షణంగా బతికే ఉన్నాడు. బస్టాండు దగ్గర వెనక్కి నడిచేవాణ్ణి ఫొటోలు తీస్తున్నాడు.

"ఈ మాట నిన్న వాళ్లకెందుకు చెప్పలేదు?"

"అడగలేదు తల్లీ. ఇది మీ చేతిరాతేనా అన్నారు. అవునన్నాను. పోలీసులు కదా, అడిగిన దానికే జవాబు చెప్పాలనుకున్నాను."

గుండె తేలికపడాల్సిన చోటు అది. ఆమె తన నోట్‌బుక్‌లో 12.05 అని రాసుకుని, పేజీ తిప్పింది. ఇలాంటప్పుడు తనకేం జరిగేదో ఆమెకు గుర్తుంది. అరిచేతులు చల్లబడేవి, లేచి నాలుగడుగులు అటూ ఇటూ తిరిగేది. ఇప్పుడు కూర్చున్న చోటే కూర్చుంది.

"ఇంకో మాట. ఏడు రోజులూ మాట్లాడకూడదన్నది నియమమా?"

"అబ్బే, అదెవరు చెప్పారు? కూర్చున్న ఎనిమిది గంటలే. సాయంత్రం ఆరు దాటితే చిట్టెమ్మ వాగుడుకాయ. నిన్న పోలీసులు మధ్యలో ఆపించినా ఆరింటితో మౌనం అయిపోయినట్టే. ఈరోజు అసలు ప్రదర్శనే లేదు."

ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను ఆగింది. నిన్న ఆరింటి నుంచి ఇప్పటిదాకా చెల్లెలు మూసుకున్న నోటికీ కళకీ సంబంధం లేదన్నమాట. తప్పు చేయనివాళ్లు నోరు మూసుకునేది ఒకందుకే. ఇంకెవరినో కాయడానికి.

సామాన్ల గదిలో చూడాల్సింది పెద్దగా లేదు. తాళ్లు, మడత కుర్చీలు, నేల మీద సుద్దగీత. కెమెరా అక్కడే దొరికిందని, అందులో ఫొటోలు ఉండే కార్డు మాత్రం లేదని కాపలా కానిస్టేబుల్ చెప్పాడు. మెట్ల కిందనుంచి తలవంచుకుని బయటికి వచ్చి చూస్తే పైన ఫుట్‌బ్రిడ్జి కనిపిస్తోంది. ఒక వైపు రెయిలింగు లేదు. దాని బదులు ఎర్ర తాడు కట్టారు. మొదటి రోజు ఉత్సవం చూడ్డానికి జనం దానికి ఆనుకుంటే, ఊడి ముగ్గురు కిందపడ్డారు. ఒకామె ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. రెయిలింగు గట్టిదేననీ, తనిఖీ చేశాకే అనుమతి ఇచ్చామనీ, జనమే విరగబడ్డారనీ మున్సిపాలిటీ ప్రకటన ఇచ్చింది.

"ఆ అబ్బాయి దాని సంగతే చెప్తానన్నాడు" అన్నాడు వెనకే వచ్చిన మాస్టారు. ఫొటోగ్రాఫరు ఉత్సవానికి ముందురోజే బ్రిడ్జి ఫొటోలు తీశాడట. రెయిలింగు మొదళ్లు తుప్పుపట్టి పోతే పైన రంగేసి, లోపల తీగతో కట్టి ఉంచారట. అవన్నీ నిన్న సాయంత్రం అందరి ముందూ తెర మీద చూపిస్తానని రెండు రోజులుగా కనపడినవాళ్లందరికీ చెప్పుకొచ్చాడు. ఊళ్లో చాలామంది చెవిన పడే ఉంటుంది.

మెట్ల పక్కన గోడకు అనుమతి పత్రం అంటించి ఉంది. కింద అనుమతుల ఇంజనీరుగా ఆమె భర్త సంతకం. చివరి అక్షరం కింద పొడుగ్గా లాగిన తోక. ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని గోడ మీది మిగతా నోటీసుల్లాగే చదివి, ముందుకు నడిచింది. ఊళ్లో సగం గోడల మీద ఆ సంతకం ఉంటుంది.

మళ్లీ బల్ల దగ్గరికి వచ్చి, చెల్లెలు కుట్టిన గుడ్డ ఏదని అడిగింది. మాస్టారు అట్టపెట్టెలోంచి పొడుగాటి తెల్లగుడ్డ చుట్ట తీశాడు. పోలీసులు దాన్ని ముట్టుకోలేదు. 'అతుకు' అంతా ఆ గుడ్డలోనే ఉంది. ఎవరి బట్ట కుట్టినా, దాని కింది అంచు మడతలోంచి గోరంత ముక్క కత్తిరించి, వచ్చిన వరుసలోనే ఈ గుడ్డకి కుట్టి ఉంచుతుంది. పేర్లుండవు. ఎవరు వచ్చారన్నది పుస్తకంలో కూడా ఉండదు. చూసేవాళ్ల గురించి రాయకూడదని నియమం.

నిన్నటివి ఇరవైనాలుగు ముక్కలు. ఇన్‌స్పెక్టరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుంది. ఇలాంటిది కళ్లతో కాదు, వేళ్లతో చూడాలని అమ్మ చెప్పేది. ఇంటి ముందుగదిలో మిషను పక్కన కూర్చోబెట్టి, కత్తెర పడిన అంచేదో చేత్తో చింపిన అంచేదో కళ్లు మూసుకుని చెప్పమనేది. చెల్లెలు ఎప్పుడూ గెలిచేది. ఇన్‌స్పెక్టరమ్మ వేలు ఒకటో ముక్క అంచు మీద నుంచి మొదలుపెట్టి మెల్లగా జరిగింది. నున్నగా ఉంది. రెండు, మూడు, పది, పదిహేను, అన్నీ నున్నటి అంచులే, దారం కొసలు కూడా తెగ్గోసినట్టు సమంగా ఉన్నాయి. ఇరవై దగ్గర వేలికి పీచు తగిలింది. ఇరవైఒకటీ అంతే. చివరిదాకా అంచులన్నీ చింపినవే.

వెనక్కి వచ్చి పందొమ్మిదో ముక్క తడిమింది. ముక్క అంచు నున్నగా ఉంది. దాన్ని కుట్టిన దారం కొస మాత్రం పళ్లతో కొరికినట్టు చితికి ఉంది.

"మాస్టారూ, పందొమ్మిదోది ఎప్పుడు?"

ఆయన పుస్తకం చూసి చదివాడు. 3.46 పందొమ్మిదో చొక్కా. 3.47 తలెత్తింది. 3.58 చొక్కా ఇచ్చింది. 4.05 దారం పళ్లతో కొరికింది.

"తలెత్తింది అంటే?"

"ఆమె ఎవరి మొహమూ చూడదు తల్లీ. చూపు బట్ట మీదే. నాలుగు రోజుల్లో ఒక్కసారి తలెత్తింది. అందుకే రాశాను."

ఆ వచ్చినతను ఎలా ఉన్నాడని అడిగితే మాస్టారు ఇబ్బందిపడ్డాడు. చొక్కా ఇచ్చినవాళ్లకు కప్పుకోవడానికి దుప్పటి ఇస్తారు. అతను దాన్ని తలమీదుగా కప్పుకున్నాడు. మూతికి మాస్కు. చిరిగింది జేబు. అంతకుమించి గుర్తులేదు. తన కళ్లు చిట్టెమ్మ చేతుల మీదా వాచీ మీదా ఉన్నాయి.

మూడింటికి గడియారం వచ్చాడు. ఆమే ఫోను చేసి పిలిచింది. వస్తూనే చేతి వాచీ చూసుకుని, "రెండు గంటలే టైముంది మేడమ్" అన్నాడు.

"నిన్న మీరు ఇక్కడికి ఎన్నింటికి వచ్చారు?"

"మూడూ ఐదు. ఎందుకు?"

ఆమె పుస్తకం నిన్నటి చివరి వరుస దగ్గర తెరిచి చేతిలో పెట్టింది. 5.05 పోలీసులు వచ్చి ఆపించారు, అని ఉంది అక్కడ.

గడియారం అది చదివాడు. మొదటి పేజీకి వెళ్లి సున్నాలు చదివాడు. మళ్లీ చివరికి వచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి. పందొమ్మిదేళ్ల సర్వీసులో అతను పప్పులో కాలేయడం ఆమె చూడలేదు. చూస్తే పండగ చేసుకోవాలని ఒకప్పుడు అనుకునేది. ఇప్పుడు ఆ సరదా కూడా తోచలేదు. అంచుల సంగతీ, కొరికిన దారం సంగతీ, తలెత్తిన నిమిషం సంగతీ వరుసగా, రిపోర్టు చదివినట్టు చెప్పింది.

అతను జేబులోంచి కాగితం తీసి, గీత పక్కన అంకెలన్నీ కొట్టేసి కొత్తవి రాసుకున్నాడు. ఒకటీ నలభై ఆరు, పందొమ్మిదోవాడు కూర్చున్నాడు. ఒకటీ యాభై ఎనిమిది, చొక్కాతోపాటు బల్ల మీది కత్తెర తీసుకుని పోయాడు. రెండు, ఫొటోగ్రాఫరు టీ తాగాడు. రెండూ ఐదు, ఈమె కత్తెర కోసం చూసుకుని, లేకపోతే పళ్లతో కొరికింది. రెండూ నలభై, శవం.

"ఒప్పుకున్నాను. మీ చెల్లెలు చంపలేదు" అన్నాడు. "కానీ మేడమ్, ఆమె తలెత్తి చూసింది. వాడెవడో ఆమెకు తెలుసు. కత్తెర పోయిన సంగతీ తెలుసు. శవంలో ఉన్నది తన కత్తెరేనని నిన్న సాయంత్రం నేనే చూపించాను. మౌనం ఆరింటికే అయిపోయింది. అయినా పెదవి విప్పలేదు. అంటే ఏంటి? తెలిసే ఇచ్చింది. చంపినవాడు కాకపోతే తోడుదొంగ. ఐదింటికి హాజరు తప్పదు. పందొమ్మిదోవాడి పేరు నా బల్ల మీద పడితే తప్ప."

"భయపడి ఉండొచ్చు."

"మీ చెల్లెలా? లాకప్పులో గురకపెట్టి నిద్రపోయింది." అతను గుడ్డ మీదికి వంగాడు. "ఇదేనా పందొమ్మిది? ఈ గుడ్డ ఎక్కడ అమ్ముతారో పట్టుకుంటే దారి దొరుకుతుంది."

ఇన్‌స్పెక్టరమ్మ నుదుటి మీది కళ్లజోడు తీసింది. పెట్టుకోవడానికి కాదు, పని అయిపోయిందని లోపల పెట్టడానికి. ఎడమచేత్తో సంచిలోంచి తొడుగు బయటికి లాగింది. తొడుగు తెల్లగుడ్డ మీదుగా పైకి వస్తూ పందొమ్మిదో ముక్క పక్కన ఒక్క క్షణం ఆగింది.

ఇటుకరంగు. సన్నటి బూడిద చారలు. రెండు చారల మధ్య ఎడం కూడా అంతే.

మూడేళ్ల కిందట అమ్మ అల్లుడికి చొక్కా కుట్టింది. మిగిలిన పీలికతో పెద్ద కూతురికి ఈ తొడుగు కుట్టింది. గుడ్డ అంతటితో అయిపోయింది.

నిన్న రాత్రి ఆయన ఆ చొక్కా బకెట్లో వేసి, టీ ఒలికింది, పొద్దున్నే ఉతికెయ్ అన్నాడు. ఆమె ఉతికింది. ఉతుకుతుంటే జేబు కుట్టు చేతికి తగిలింది. అమ్మ కుట్టులాగే ఉందనుకుంది. అమ్మ కుట్టిన చొక్కాయే కదా అనుకుని పిండేసింది. ఆ కుట్టు ఈ లోకంలో ఇంకొకరికే వచ్చని అప్పుడు ఎందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు.

"మీకు తెలిసిన గుడ్డా మేడమ్?"

ఆమె తొడుగు గుప్పిట్లో మూసి సంచిలో వేసేసింది.

"లేదు" అంది.

నాలుగూ ఇరవైకి మళ్లీ అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుంది. ఈసారి గడియారం నిమిషాలు చెప్పలేదు. కానిస్టేబుల్ రెండు కప్పుల టీ పెట్టిపోయాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఏమీ అడగకుండా తొడుగు తీసి చెల్లెలి చేతుల మధ్య పెట్టింది.

చెల్లెలు దాన్ని చూసింది. బొటనవేలితో కుట్టు వెంట ఒకసారి నిమిరింది.

"అక్కా, ఆ చొక్కా ఉతికేశావా?"

ఒక పగలూ ఒక రాత్రీ వాడని గొంతు. బొంగురుగా వచ్చింది.

"పొద్దున్నే."

"అయ్యో" అంది చెల్లెలు, మెల్లగా.

తర్వాత ఆగకుండా చెప్పుకొచ్చింది. బావ వచ్చి దుప్పటి కప్పుకుని కూర్చున్నప్పుడు ముందు చొక్కానే గుర్తుపట్టింది. తలెత్తి చూస్తే ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. జేబు చిరిగి వస్తే ఇంట్లో అక్క ప్రశ్నలు వేస్తుందని సరదాకి వచ్చాడనుకుంది. నవ్వొచ్చింది కూడా. కత్తెర కనపడకపోతే కింద పడిందేమో అనుకుంది. లేచి వెతకడానికి నియమం ఒప్పుకోదు. సాయంత్రం గడియారం దాన్ని ప్లాస్టిక్ సంచిలో చూపించేదాకా ఇంకే ఆలోచనా రాలేదు.

"అప్పుడే చెప్పాల్సింది."

"ఎలా చెప్పనే? అమ్మ పోయిన దగ్గర్నుంచీ నువ్వు మనిషివిలా లేవు. నీకు మిగిలింది ఆయనొక్కడే. ఆ మాట నా నోటితోనా?"

నువ్వూ ఉన్నావు కదా అని ఇన్‌స్పెక్టరమ్మ అనలేకపోయింది. నాలుగు నెలల్లో చెల్లెలి దగ్గరికి ఆమె వెళ్లింది రెండుసార్లే. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. ఛాతీలో ఎక్కడో, చాలా లోపల, తిమ్మిరెక్కిన కాలు మోపినప్పటి లాంటి పోటు మాత్రం మొదలైంది.

"మరక పోయినా పర్లేదక్కా" అంది చెల్లెలు. "కింది మడతలో గోరంత ముక్క ఉండదు. నా గుడ్డ మీదున్నది దానికి సరిపోతుంది. చొక్కా ఉంటే చాలు."

ఫోను మోగింది. ఆయన.

"ఎక్కడున్నావ్?"

"ఆఫీసులో అండీ."

"నేను ఇంటికొచ్చేశాను, తలనొప్పిగా ఉండి. నా ఇటుకరంగు చొక్కా కనపడటం లేదు. ఎక్కడ పెట్టావ్?"

చొక్కా మేడ మీద, చివరి తీగకు ఆరుతోంది. రెండు క్లిప్పులు పెట్టింది, గాలికి పోకుండా. మేడ మెట్లు ఇరవై రెండు.

"ఇస్త్రీకి ఇచ్చానండీ" అంది. గొంతు రోజూలాగే వచ్చింది. "వచ్చేటప్పుడు నేనే తెస్తాను."

ఆయన మాట మార్చాడు.

"మీ చెల్లెలి దగ్గరికి వెళ్లావా?"

"లేదండీ."

"వెళ్లకు." ఫోను పెట్టేశాడు. పెట్టేసే ముందు, వెనకాల మేడ తలుపు గడియ తీసిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినపడింది. ఆ గడియకు నూనె వేయమని ఆయనకు ఎన్నోసార్లు చెప్పింది.

ఆమె తొడుగు తీసుకుని లేచింది. టీ గుక్కెడు తాగబోతే నాలుక చురుక్కుమంది. కప్పు కింద పెట్టేసి, కారిడార్ దాటి, గడియారం గదిలోకి నేరుగా వెళ్లింది. అతని బల్ల మీద గీత గీసిన కాగితం పరిచి ఉంది. పందొమ్మిది అంకె పక్కన ఖాళీ. ఆమె ఆ ఖాళీ మీద తొడుగు పెట్టింది.

గడియారం తొడుగునీ, ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. ఈసారి చేతి వాచీ చూసుకోలేదు.

"ఇందాక మీకు అబద్ధం చెప్పాను" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "చొక్కా మా మేడ మీద, చివరి తీగకు ఉంది. మా ఆయన ఇప్పుడే మేడ ఎక్కుతున్నాడు. జీపు తీయండి, తోవ నేను చెప్తాను."